ఇంట్లోనే బోర్డు గేమ్ చేసుకోవాలంటే ఏ మాదిరి ఆట, ఏ పాచిక, ఏ పలక

పోయిన ఎండాకాలం మా ఆడబిడ్డ పిల్లలిద్దరూ చెన్నై నుంచి సెలవలకి వచ్చారు, మా పిల్లలిద్దరితో కలిపి నలుగురు. కావలిలో మే నెల ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, పదకొండు కొట్టేసరికి తలుపులు మూసుకోవాల్సిందే, సాయంత్రం సముద్రం గాలి మళ్ళేదాకా ఎవురూ బయటికి పోయేది లేదు. రెండోరోజుకే నలుగురూ నాలుగు మూలల్లో నాలుగు ఫోన్లు పట్టుకోనుంటే నాకు ఒళ్ళు మండి, ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళమేసి, రండి మనమే ఒక ఆట తయారుచేద్దాం అనేశా. అనేశానే గానీ ఎట్టా చెయ్యాలో నాకేం తెలుసు. మొత్తం మూడు ఆటలు చేశాం, మొదటిది ఘోరంగా పోయింది, రెండోది పర్లేదు, మూడోది ఇప్పటికీ ఆడతా ఉండాం. ఈ మధ్య మా వీధిలో ఇద్దరు ముగ్గురు మేమూ చేస్తాం ఏది చెయ్యమంటావు అని అడగతా ఉంటే, ప్రతిసారీ మొదట్నించీ చెప్పలేక ఒకేసారి రాసేస్తా ఉండా.

ముందు మా మొదటి ఆట ఎందుకు పోయిందో చెప్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుద్ది. దాని పేరు నెల్లూరు టు ఒంగోలు, రైలు ఆట. నెల్లూరులో ఎక్కి పెన్న దాటి పడుగుపాడు, బిట్రగుంట, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, సూరారెడ్డిపాలెం మీదుగా ఒంగోలు చేరాలి. ఉలవపాడులో మామిడికాయలు కొనడానికి దిగితే ఒక వంతు పోద్ది, బిట్రగుంటలో పాతకాలంలో పెద్ద ఇంజన్ల షెడ్డు ఉండేది గదా, అక్కడ కొత్త ఇంజను తగిలించుకుంటే నాలుగు గళ్ళు ముందుకి. మా పెద్దోడు, పదమూడేళ్ళోడు, కంప్యూటర్లో కూర్చోని రంగురంగులుగా డిజైన్ చేశాడు, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది, ఆ ఊపులో ఒక్కసారి కూడా ఆడి చూడకుండా పొయ్యి ఫ్లెక్స్ కొట్టించుకొచ్చాం. 120 గళ్ళు, ఒక్కొక్కరికి 4 కాయలు, వెయ్యడానికి 4 గవ్వలు. రెండు గంటలు ఆడినా ఒక్కొక్కరికి రెండు కాయలు కూడా సరిగ్గా ఒంగోలు చేరలా. చిన్నది నిద్రపోయింది, మా ఆడబిడ్డ కొడుకు బీరువా తాళం యాడుందని అడగడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి కాయితం మీద లెక్కేశా. 4 గవ్వలు వేస్తే ఒకటి, రెండు, మూడు, చెమ్మ అంటే నాలుగు, అష్ట అంటే ఎనిమిది, ఇవే పడతాయి, సగటున పడేది రెండున్నర. ఒక్కొక్కరికి 4 కాయలు, ఒక్కో కాయ 120 అడుగులు నడవాలి, అంటే 480 అడుగులు. దాన్ని రెండున్నరతో భాగిస్తే 192 సార్లు గవ్వలు వెయ్యాలి. నలుగురికీ కలిపి 768 సార్లు. ఒక్కోసారి వేసి, లెక్కపెట్టి, కాయ జరపడానికి 15 సెకన్లు అనుకున్నా 3 గంటల 12 నిమిషాలు, అది కూడా ఎవురూ ఎవుర్నీ చంపకపోతే. ఇది ముందే ఎవురన్నా చెప్పుంటే ఫ్లెక్స్ డబ్బులు మిగిలేవి.

ఇప్పుడు అష్టాచెమ్మా చూడండి. 5 గళ్ళు ఇట్టా 5 గళ్ళు అట్టా, మొత్తం 25. మన ఇంటూ మార్కు గడిలోంచి బయల్దేరి బయటి వరస 15 అడుగులు, లోపలి వరస 8, నడిమి గడి 1, మొత్తం 24 అడుగులకి కాయ పండిపోద్ది. 4 కాయలకి 96 అడుగులు, అంటే 38, 39 సార్లు వేస్తే సరి. చంపుకోవడాలు కలిపినా ముప్పావు గంట, గంటలోపు తేలిపోద్ది. మా అత్తమ్మకి ఈ లెక్క చెప్తే నవ్వి, మా కాలంలో గచ్చు మీద ఉండే బండలు అన్నే, అందుకే 25 అని తీసిపారేసింది గానీ నాకు మాత్రం పాతోళ్ళు ఊరికే పెట్టలేదనిపించింది. అందుకని నేను చెప్పే మొదటి మాట ఇదే, మీరు ఏ ఆట చేసినా ఒక మనిషి మొత్తం నడవాల్సిన అడుగులు గవ్వలతో అయితే 100 లోపు పెట్టుకోండి, ఆరు ముఖాల డైస్ అయితే సగటు మూడున్నర కాబట్టి 130 దాకా పోవచ్చు.

ఇక ఏ మాదిరి ఆట చెయ్యాలి అనేది. మీ ఇంట్లో కూర్చునేది ఎవురు అనే దాన్నిబట్టే తేల్చుకోవాలి, బొమ్మలూ రంగులూ ఊరిపేర్లూ అన్నీ తర్వాత.

ఆరేడేళ్ళ లోపు పిల్లలే ఎక్కువుంటే వైకుంఠపాళి మాదిరిదే చెయ్యండి, వేరే ఆలోచనే వద్దు. దాంట్లో మనం తీసుకునే నిర్ణయం ఒక్కటి కూడా ఉండదు, పడిందాన్నిబట్టి జరపడమే, అందుకే నాలుగేళ్ళ పిల్ల కూడా నాయనమ్మతో సమానంగా గెలుస్తాది. పాత పటాల్లో నిచ్చెనల కింద మంచి గుణాలు, పాము తలల దగ్గర చెడ్డ గుణాలు రాసుంటాయి గదా, ఆ జాగాలో పిల్లల్నే రాసుకోనిస్తే వాళ్ళకి అదే పెద్ద ఆట. మావాళ్ళు రాసిన పాముల్లో ఒకటి అన్నయ్య పెన్సిలు దాచిపెట్టడం, ఒకటి పెరుగన్నం పారబోయడం. కానీ పదేళ్ళు దాటినోళ్ళకి రెండాటలకే విసుగొచ్చేస్తాది, అది మాత్రం ఖాయం. ఇంకోటి, ఆఖరి వరసలో పెద్దపాము పెట్టబాకండి, అరగంట కష్టపడి ఎక్కి గమ్యం పక్కన నిలబడినోడు మొదటికే మోసం అన్నట్టు కిందికి జారిపడితే పెద్దోళ్ళు నవ్వుకుంటారు గానీ పిల్లలు పటం చించుతారు.

ఇద్దరే ఆడేవాళ్ళుంటే, అంటే మొగుడూ పెళ్ళాలో తాతా మనవడో, పులిజూదం. 3 పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. పాచికా లేదు, గవ్వలూ లేవు, అదృష్టం మాటే లేదు, బుర్రే. మేకలవాడు ఒక్కొక్కటే దించుకుంటా పులుల్ని కదలకుండా కట్టేయాలి, పులులవాడు మేక మీదుగా దూకి తినాలి. దీనికి కొత్తగా డిజైన్ చెయ్యాల్సింది కూడా పెద్దగా ఏం లేదు, మార్కాపురం అవతల నల్లమలలో నిజం పులులే ఉండాయి, థీమ్ కోసం వెతుక్కోబల్లేదు. కాకపోతే ఇద్దరాడతా ఉంటే మిగతా నలుగురు చూస్తా కూర్చోవాలి. మా ఇంట్లో ఆయనకీ మా అత్తమ్మకీ ఒక సాయంత్రం నడిచింది, మా అత్తమ్మ మేకలు తీసుకోని మూడు పులుల్నీ ఒక మూల కట్టేసింది, ఆయన మళ్ళీ దాని పక్కకే రాలా.

వ్యాపారం ఆటలు, అదే ఊళ్ళు కొని ఇళ్ళు కట్టి అద్దె వసూలు చేసేవి. పెద్ద పిల్లలందరికీ ముందు ఇదే చెయ్యాలని ఉంటాది, మా పెద్దోడు కూడా ట్రంకు రోడ్డు కొంటా, కృష్ణపట్నం పోర్టు కొంటా అని ఎగిరాడు. నేనైతే ఇంట్లో చెయ్యడానికి ఇది వద్దనే అంటా. నోట్లు కావాలి, పత్రాలు కావాలి, ప్రతి ఊరికీ ధర, అద్దె, ఇల్లు కడితే అద్దె ఎంత అని పట్టీ కావాలి, ఒక్క ధర తప్పు పెడితే ఆటంతా ఒకడి చేతిలోకి పోద్ది. అసలు గమ్మత్తేందంటే ఈ మాదిరి ఆటని మొదట పేటెంట్ చేయించింది ఎలిజబెత్ మేగీ అనే అమెరికా ఆవిడ, 1904లో, భూమంతా ఒకడి చేతిలో పడితే మిగతావాళ్ళ గతి ఏమవుద్దో చూపించడానికే చేసింది. 1935లో కంపెనీ వాళ్ళు దాన్నే మోనోపలీ అని అమ్మారు. అంటే ఓడిపోయేవాడికి కడుపు మండేట్టుగా చేసిన ఆట అది, దాన్ని తెచ్చి సెలవల్లో అక్కాతమ్ముళ్ళ మధ్య పెట్టి వీళ్ళు కొట్లాడుకుంటా ఉండారే అంటే ఎట్టా. అప్పుల్లో పడ్డవాడు ఆట అయిపోయేదాకా గంటసేపు గోళ్ళు గిల్లుకుంటా కూర్చోవాలి, అదింకో తలనొప్పి. అందరూ పన్నెండు దాటినోళ్ళయి, పెన్నూ కాయితం పట్టుకోని ధరలు సరిచేసుకునే ఓపికుంటే చేసుకోండి.

మేము రెండోది చేసింది అందరూ ఒకే జట్టు ఆట, ఒకళ్ళనొకళ్ళు ఓడించుకునేది కాదు, అందరూ కలిసి తుఫానుని ఓడించాలి. దీని గురించి రవ్వంత ఎక్కువ చెప్తా, ఎందుకంటే మనవైపు దీని గురించి తెలిసినోళ్ళు తక్కువ. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటే ముందు మన తీరం పొడుగునా ఎట్టా కుమ్మేసిందో పిల్లలకి బాగా గుర్తు, ఆ రోజుల్లో వార్తల్లో కృష్ణపట్నం పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు అని చెప్తా ఉంటారు గదా, ఆ నంబర్లు 1 నుంచి 11 దాకా ఉంటాయి. అవే మా తుఫాను గళ్ళు. సముద్రంలో 6 పడవలు, ఒక్కోటి జువ్వలదిన్నె ఒడ్డుకి 8 గళ్ళ దూరంలో. ఎవురి వంతులో వాళ్ళు గవ్వలేసి ఏదో ఒక పడవని జరపొచ్చు, జరిపినాక డబ్బాలోంచి ఒక చీటీ తియ్యాలి. 30 చీటీలు, దాంట్లో 15 గాలి, 15 ఖాళీ. గాలి చీటీ వస్తే హెచ్చరిక ఒక నంబరు పెరుగుద్ది, తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వెయ్యకూడదు. 11 వచ్చేలోపు ఆరు పడవలూ ఒడ్డు చేరితే అందరూ గెలిచినట్టు.

లెక్క చూడండి, 6 పడవలకి 48 అడుగులు, అంటే దాదాపు 19, 20 సార్లు గవ్వలెయ్యాలి. ఒకటో నంబరు నుంచి పదకొండుకి రావడానికి 10 గాలి చీటీలు కావాలి, సగం చీటీలు గాలివి కాబట్టి అది కూడా 19, 20 వంతులకే వస్తాది. దాంతో సగం సార్లు గెలుస్తాం, సగం సార్లు ఆఖరి పడవ ఒడ్డుకి రెండు గళ్ళ దూరంలో ఉండగా మునిగిపోతాం, అరగంట కూడా పట్టదు, చిన్నపిల్లలు ఏడవరు. మరి ఇంత బాగుంటే మూడోది ఎందుకు చేశారంటే, మా పెద్దోడు. వాడే అందరి వంతులూ వాడే ఆడేస్తాడు, ఒసేయ్ ఆ పడవ కాదు ఈ పడవ జరుపు, నువ్వు ఆగు నేను చెప్తా అని. ఒకే జట్టు ఆటలు ఏవి చేసినా ఈ జబ్బు ఉంటాది, ఇంట్లో పెత్తనం చేసేవాళ్ళు ఒకళ్ళుంటే చాలు. మందేందంటే, గవ్వలేసినాక కాయ జరిపేదాకా ఎవురూ నోరు తెరవకూడదని రూలు, తెరిస్తే ఒక గాలి చీటీ పడినట్టే లెక్క. మావాడు ఆ రూలు పెట్టిన మొదటి ఆటలోనే మూడు నంబర్లు పెంచాడు.

క్విజ్ కార్డుల ఆటలూ, జతలు గుర్తుపెట్టుకునే కార్డుల ఆటలూ కూడా ఉండాయి, చెయ్యడం తేలిక, కానీ ప్రశ్నలు రాసినోడికి జవాబులు తెలిసిపోతాయి కాబట్టి వాడు ఆడకూడదు, వారంలో అందరికీ కంఠతా వచ్చేస్తాయి. వదిలెయ్యండి.

ఆరేళ్ళ పిల్ల నుంచి అరవై దాటిన నాయనమ్మ దాకా అందరూ కలిసి కూర్చునే ఇల్లయితే నా ఓటు అష్టాచెమ్మా అస్థిపంజరానికే. గవ్వలు ఎట్టా పడతాయో మన చేతిలో లేదు, పడినాక ఏ కాయ జరపాలో మాత్రం మన చేతిలోనే ఉంది, ఆ ఒక్క నిర్ణయం వల్లే చిన్నోళ్ళకి గెలిచే అవకాశమూ పెద్దోళ్ళకి ఆలోచించే పనీ రెండూ ఉంటాయి. మా మూడో ఆట ఇదే. 25 గళ్ళల్లో స్టేషన్లన్నీ పట్టలేదని 7 గళ్ళ పటం వేశాం, బయటి వరస 24, దాని లోపల 16, ఆ లోపల 8, నడుమ ఒకటి. కాయ 48 అడుగులు నడవాలి, నాలుగు కాయలయితే మళ్ళీ మొదటి ఆట కథే, అందుకని ఒక్కొక్కరికి రెండే కాయలు పెట్టాం, 48 రెళ్ళు 96, తిరిగి పాతోళ్ళ లెక్కకే వచ్చి కూర్చుంది. రైలు ఆటలోని స్టేషన్లే బయటి వరసలో సర్దేశాం, నడిమి గడి ఒంగోలు.

ఇంక పాచికల సంగతి. చాలామంది ఏదైతే ఏముందిలే అనుకుంటారు, కాదు, దీన్నిబట్టి పటం మీద ఏ గడిలో ఏం పెట్టాలో మారిపోద్ది. డైస్ అయితే ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ సమానంగా పడతాయి. 4 గవ్వలు అట్టా కాదు, బోర్లా వెల్లకిలా సమానంగా పడతాయనుకుంటే 16 సార్లలో 6 సార్లు రెండు, 4 సార్లు ఒకటి, 4 సార్లు మూడు, చెమ్మ ఒక్కసారి, అష్ట ఒక్కసారి. అంటే మీ కాయ ఎగస్పార్టీ కాయకి రెండు గళ్ళ ముందుంటే అన్నిటికన్నా ప్రమాదం, ఏడు గళ్ళ ముందుంటే ఒక్కదెబ్బకి వచ్చే భయమే లేదు, ఏడు అనేదే పడదు గదా. మా చిన్నదానికి ఈ కిటుకు వాళ్ళ నాయనమ్మ నేర్పింది, ఇప్పుడది కాయ జరిపే ముందు వెనక్కి తిరిగి వేళ్ళతో ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటాది. రెండు డైసులు వేసి కూడితే 36లో 6 సార్లు ఏడు పడుద్ది, రెండూ పన్నెండూ ఒక్కోసారే, దాంతో కాయలు మరీ జోరుగా పరిగెత్తుతాయి, పొడుగు పటాలకి తప్ప పనికిరావు.

గవ్వలు దొరక్కపోతే చింతపిక్కలు. ఒకవైపు గచ్చుకేసి నల్లతొక్క పొయ్యి తెల్లగా కనపడేదాకా అరగదీస్తే సరి. అయితే అరగదీసిన పిక్కలు అన్నీ ఒకే మందంగా రావు, ఒక్కోటి ఒక్కో వైపుకి ఎక్కువ పడుద్ది, మా అత్తమ్మ అరగదీసిన పిక్కలు ఆమె చేతిలో చెమ్మ పడినన్నిసార్లు ఇంకెవురి చేతిలోనూ పడవు, అది పిక్కల మహిమో చెయ్యి మహిమో ఇంతవరకూ తేలలా. నా సలహా, ఇంట్లో ముసలోళ్ళుంటే గవ్వలో పిక్కలో పెట్టండి, ఆ గలగల వినపడితే వాళ్ళే వచ్చి కూర్చుంటారు.

పటం దేని మీద వెయ్యాలి. ఫ్లెక్స్ మాత్రం ఆఖర్న, దాని లెక్క చదరపు అడుగుల్లో ఉంటాది, రెండడుగుల ముక్కకి పెద్ద ఖర్చు కాదు, కానీ ఒకసారి కొట్టించాక రూలు మార్చాలంటే మార్చలేం, మా 120 గళ్ళ ఫ్లెక్స్ ఇప్పుడు స్కూటీ మీద కప్పుతా ఉండాం. మొదట సుద్దముక్కతో గచ్చు మీద గీసి కనీసం నాలుగైదు సార్లు ఆడండి, ప్రతి ఆటకీ ఒక్క రూలే మార్చండి, ఒకేసారి మూడు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలవదు. గచ్చు మీద కూర్చోలేని వాళ్ళుంటే మార్కాపురం పలక పెద్ద సైజుది తీసుకోని, గళ్ళు తెల్ల పెయింటుతో గీసి, గళ్ళల్లో రాసేది మాత్రం బలపంతో రాస్తే ఎన్నిసార్లయినా తుడుచుకోవచ్చు, మేము సరిచేసుకున్నది మొత్తం దాని మీదే. కింద పడితే పగులుద్ది, అదొక్కటే భయం. ఫ్రిజ్జు డబ్బా అట్ట కూడా మంచిదే గానీ వానాకాలంలో చెమ్మకి వంకర తిరుగుద్ది. పాత దుప్పటి మీద ఫాబ్రిక్ పెయింటు వేస్తే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, రైల్లో కూడా ఆడుకోవచ్చు, కానీ గవ్వలు సరిగ్గా దొర్లవు. ఆయన అయితే చీమకుర్తి నుంచి ఒక గ్రానైటు ముక్క తెచ్చాడు, బండి డిక్కీలో పెట్టి, దాని మీద చేద్దాం శాశ్వతంగా ఉంటాదని. నల్లగా బంగారు చుక్కలతో అందంగానే ఉంది, ఎత్తాలంటే ఇద్దరు కావాలి, గీసిన గీతలు ఆ చుక్కల్లో కలిసిపోయి కనపడవు, ఇప్పుడు దాని మీద చపాతీలు చేస్తా ఉండా.

కాయలకి ఏం కొనబాకండి. చొక్కా గుండీలు, సోడాసీసా మూతలు, పగిలిన గాజుముక్కలు, ఒక్కొక్కరివి ఒక్కో రంగో ఒక్కో ఆకారమో అయితే చాలు, గాజుముక్కల కొసలు మాత్రం రాయికేసి అరగదియ్యండి.

ఒక్క రూలు గురించి మా ఇంట్లో ఇంకా తెగలా. అష్టాచెమ్మాలో ఎదుటివాళ్ళ కాయ ఒకటన్నా చంపితే తప్ప లోపలి వరసలోకి పొయ్యే హక్కు లేదు. మా అత్తమ్మ అది తీసేస్తే ఇంక అష్టాచెమ్మా ఏంది అంటాది, నిజమే, ఆ రూలు ఉండబట్టే అందరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు పడతారు. కానీ చిన్నదానికి చంపడం కుదరక బయటి వరసలోనే మూడు చుట్లు తిరిగి ఏడుపు మొహం పెట్టింది. పోనీలే నువ్వు ఆటలో అరటిపండు అంటే అసలు ఒప్పుకోలా, నాకూ నిజం ఆటే కావాలని గొడవ. చివరికి ఒక మధ్యేమార్గం పెట్టాం, చంపకపోయినా ఒక చుట్టు పూర్తిగా తిరిగొచ్చి తన ఇంటూ మార్కు గడిలో కచ్చితంగా ఆగితే లోపలికి పోవచ్చు, అందరికీ ఇదే రూలు. మా అత్తమ్మ ఆ దారిన ఒక్కసారి కూడా పోలేదు, చంపే పోతాది.

ఈ సెలవలకి మళ్ళీ నలుగురూ కలుస్తారు, ఆలోపు పలక మీద ఉన్నదాన్ని దుప్పటి మీదకి ఎక్కించాలని చూస్తా ఉండా. లోపలి వరసలో ఇంకా రెండు గళ్ళు ఖాళీగా ఉండాయి, వాటిల్లో ఏం రాయాలో చిన్నదానికే వదిలేశా. అది రెండింటిలోనూ ఐస్‌క్రీమ్ అనే రాస్తానంటా ఉంది, ఆ గడిలో పడితే నిజంగానే కొనివ్వాలంట.